ఎడమ తలుపు

నట్టుకు కుర్చీ అంటే పడదు. బలవంతంగా కూర్చోబెట్టినా, బస్సు వచ్చేస్తోందన్నట్టు అంచు మీదే కూర్చుంటాడు. అన్నం తింటూ లేచి కిటికీలోంచి తొంగిచూస్తాడు. పళ్ళు తోముకుంటూ వీధి చివరిదాకా వెళ్ళొస్తాడు. కాలుగాలిన పిల్లి అని వాళ్ళక్క చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఇప్పుడు యాభై దాటాయి, జుట్టు నెరిసింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, కాలు మాత్రం చల్లారలేదు.

నట్టు అసలు పేరు కాదు. చిన్నప్పుడు రోడ్డు మీద దొరికిన నట్లూ బోల్టులూ ఏరుకుని జేబులో వేసుకునేవాడు. నడుస్తుంటే నిక్కరు కిందికి జారిపోయేది. అది చూసి వాళ్ళ బావ పెట్టిన పేరు అది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు అతనే పలకడు.

పాత ఇంగ్లీషు స్పోర్ట్సు కార్లను బాగుచేసే షెడ్డులో అతని ఉద్యోగం. రెండే సీట్లు, బట్ట టాపు, ఎక్కాలంటే మనిషి ముందు వంగి, తర్వాత ముడుచుకుని, ఆపైన దేవుడి మీద భారం వెయ్యాల్సినంత పొట్టి బళ్ళు. వాటిని రిపేరు చేసేవాళ్ళు వేరే ఉన్నారు. నట్టు పని చూడటం. ఈ దీపం ఈ బండిదేనా, ఈ మీటరు ఏ ఏటిది, ఈ చక్రం పుట్టుకతో వచ్చిందా, మధ్యలో ఎవరైనా తగిలించారా అన్నది అతను చెప్పాలి. ఒకే పేరుతో ఏళ్ళ తరబడి తయారైన బండి పైకి ఒకేలా కనిపిస్తుంది గానీ, ఫ్యాక్టరీవాళ్ళు ఊరుకుంటారా? ఇవాళ ఇంజను మార్చారు, నాలుగు నెలలు పోయాక పెట్రోలు ట్యాంకు మార్చారు, ఆ తర్వాత తలుపు పిడి మార్చారు. ఆ మార్పులన్నీ నట్టు తలలో ఉంటాయి. విద్యుత్ సామాను మీదైతే నెలా సంవత్సరమూ చిన్న అంకెలుగా గుద్ది ఉంటాయి. దీపాన్ని తిరగేసి చూస్తాడు, పెదవి విరుస్తాడు. బండి పుట్టాక పుట్టిన దీపం ఆ బండిది ఎలా అవుతుందని అతని వాదన. కాదనడానికి ఏముంది?

మా ఆయనకు దీపాలు పుట్టిన నెలలు తెలుసు, నా పుట్టినరోజు అడిగితే తల గోక్కుంటాడు అని అతని భార్య అందరి ముందూ అంటుంది. పెళ్ళిచూపులకని బంధువుల వెంట వెళ్ళి, పెళ్ళికూతురు గదిలోకి వచ్చే సమయానికి ఆ ఇంటివాళ్ళ కారు కింద దూరి ఉన్న ఘనుడు. కాళ్ళు రెండూ బయటికి కనిపిస్తుంటే, మీవాడేనా అని అవతలివాళ్ళు అడిగారట. కాదని చెబుదామా అనుకున్నాం అని వాళ్ళక్క ఇప్పటికీ నవ్వుతుంది.

ఈ పిచ్చి అంటించింది బావ. నట్టు తల్లి పోయాక అక్కే అతన్ని పెంచింది. ఆమెకూ ఇతనికీ వయసులో ఎంత తేడా అంటే, ఆమెకు పెళ్ళైనప్పుడు ఇతను ఆమె చంకలో ఉన్నాడు. పెళ్ళికొడుకు ఇల్లాలినీ బావమరిదినీ కలిపే ఇంటికి తీసుకువెళ్ళాడు. రేడియోలు బాగుచేసేవాడు. ఎవరి దగ్గరో పడి ఉన్న ఎంజీబీ అనే లేత నీలం రంగు ఇంగ్లీషు కారును తెచ్చుకుని, ఆదివారమంతా దాని కిందే పడుకునేవాడు. పక్కన బుడ్డ నట్టు పడుకునేవాడు. బావా బావమరుదుల సరసాలన్నీ అక్కడే, ఇంజను ఆయిలు కారుతుండగా జరిగేవి. ఒరేయ్, మీ అక్కను చేసుకున్నది నీకోసమే, స్పానరు అందించేవాడు కావాలి గదా అనేవాడు బావ. మా అక్కను నీకిచ్చింది ఈ బండి కోసమే అని వీడు అనేవాడు.

ఆ బావకు ఒక పట్టుదల ఉండేది. బండి ఆగిపోయినా ఆగిపోతాడు గానీ, వేరే ఏటి సామాను ముట్టుకోడు. అతని మాట నట్టుకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"ఏ ఏటి బండికి ఆ ఏటి సరుకే వెయ్యాలిరా. పక్కవాడి ముక్కు తెచ్చి మన మొహానికి పెట్టుకుంటే, ఊపిరి ఆడుతుంది గానీ అద్దంలో చూసుకోలేం."

తర్వాత నట్టును హాస్టలుకు పంపారు. సెలవులకు తిరిగొచ్చేసరికి బండి లేదు, బావ మంచం మీద ఉన్నాడు. బండేదని అడిగితే, వెళ్ళిపోయిందిరా అన్నాడు, ఎవరో చుట్టం వెళ్ళిపోయినట్టు. ఆ మరుసటి సెలవులకు బావ కూడా లేడు.

అప్పటి నుంచీ నట్టు వెతుకుతున్నాడు. అతని కాలు ఎక్కడా నిలవకపోవడానికి అసలు కారణం అదేనని నా అనుమానం. నీకు బండి మీద పిచ్చి అంటారు చూసినవాళ్ళు. అతనికి కావాల్సింది బండి కాదు. బావ పక్కన వెల్లకిలా పడుకుని చూసిన ఆ కింది భాగం ఇంకొక్కసారి చూడాలి, అక్కను ఆ ఎడమ సీట్లో ఇంకొక్కసారి కూర్చోబెట్టాలి. అంతే, అంతకు మించి ఏమీ లేదు.

నంబరు పట్టుకుని వెతకడం కుదరదు. బండి చేతులు మారుతూ పోతే నంబరు మారుతుంది, రంగు మారుతుంది, బానెట్టు కింద ఉండే ఫ్యాక్టరీ నంబరు ఫలకం ఊడిపోతుంది. కానీ నట్టుకు ఒక ఆధారం ఉంది. మన ఇంజనుకు అయిదు బేరింగులురా, పాతవాటికి మూడే అని బావ గొప్పలు చెప్పుకునేవాడు. ఆ బండి పెట్రోలు ట్యాంకు మాత్రం పాత పద్ధతిలో, రెండు ఇనప పట్టీలతో కట్టి ఉండేది. ఆ పట్టీల బోల్టులు తుడిచింది నట్టే. కొత్త ఇంజనూ పాత ట్యాంకూ కలిసి వచ్చింది అరవై నాలుగు చివరి నుంచి అరవై అయిదు మొదటి దాకా, ఆ కొద్ది నెలలే. అప్పటి బళ్ళకు తలుపు పిడి పట్టుకుని లాగితే తెరుచుకునేది. వేలితో నొక్కే బొత్తాం పిడి ఆ తర్వాత వచ్చింది.

అలాంటి బండి ఎక్కడైనా కనబడితే చాలు, అక్కను లాక్కుపోయేవాడు. ఆమె రావడం, నేరుగా ఎడమ పక్కకు వెళ్ళడం, తలుపు వంక ఒక్క చూపు చూసి, కాదురా అనడం. దగ్గరికి కూడా వెళ్ళేది కాదు. ఎందుకు కాదో చెప్పేది కాదు. సరిగ్గా చూడక్కా అని బతిమాలితే, చూశానురా కాదు అనేది. అలా చాలాసార్లు అయ్యాక, ఒకసారి తిరిగొస్తూ దారిలో ఏడ్చింది. ఇంక నన్ను పిలవకు, నా వల్ల కాదు అంది. నట్టు ఆ తర్వాత పిలవలేదు. వెతకడం మాత్రం మానలేదు.

ఇలా ఉండగా పళ్ళ డాక్టరుగారొకరు ఒక ఎంజీబీని లారీ మీద షెడ్డుకు తెచ్చారు. ఎవరిదో గోదాములో గోనెసంచుల కింద దొరికిందట. పైన ముదురు ఆకుపచ్చ, కొన్నిచోట్ల దద్దుర్లు లేచినట్టు పెచ్చులు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా కావాలి అన్నారాయన. పాత కార్ల పోటీలో పెట్టాలని ఆయన ముచ్చట.

నట్టు కింద దూరాడు. ట్యాంకుకు రెండు పట్టీలు. లేచి ఇంజను నంబరు చూశాడు, అయిదు బేరింగులది. ఒక మూల రంగు గీకాడు. ఆకుపచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద లేత నీలం.

నీళ్ళు తాగాడు. షెడ్డు చుట్టూ తిరిగొచ్చాడు. మళ్ళీ నీళ్ళు తాగాడు. అక్కకు ఫోను చెయ్యబోయి ఆగాడు. అప్పుడు ఎడమ వైపుకు వెళ్ళి చూస్తే, ఆ తలుపుకు బొత్తాం పిడి ఉంది.

కుడి తలుపు లాగేది, సరైనది. ఎడమది నొక్కేది, తర్వాతి ఏటిది. గీకితే నీలం కింద, అన్నిటికన్నా అడుగున తెలుపు. గొళ్ళెం పడే చోట బాడీ స్తంభానికి పాత రంధ్రాలు వదిలేసి, పక్కన కొత్త రంధ్రాలు తొలిచి ఉన్నాయి. ఎవడో పాపం నానా తంటాలూ పడి వేరే బండి తలుపును దీనికి అతికించాడు. బావ చచ్చినా చెయ్యని పని ఇది. పక్కవాడి ముక్కు! కాబట్టి ఇది బావ బండి కాదు. ఇంత తేలిగ్గా తేలిపోయిందేమిటని అతనికి ఒళ్ళు మండింది. ఆ మంటంతా తలుపు మీద చూపించాడు. ఏ మూర్ఖుడురా ఇది బిగించింది అని షెడ్డంతా వినబడేలా నవ్వాడు. దాన్ని ఊడబీకించి, తుక్కులో పారెయ్యమన్నాడు. స్తంభానికి ఉన్న దొంగ రంధ్రాలు పూడ్పించాడు. సరైన ఏటి తలుపు కోసం ఊళ్ళూ దేశాలూ గాలించాడు. అది దొరికి వచ్చేదాకా నిద్ర సరిగా పోలేదు, వచ్చాక కూడా పోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. తలుపు మాట తేల్చేశాక మళ్ళీ ఆలోచించాల్సింది ఏముందని తనకు తానే చెప్పుకుంటూ, రోజుకోసారి ఆ బండి చుట్టూ ప్రదక్షిణ మాత్రం చేసేవాడు. ఏదో గుచ్చుకుంటోంది. ఏమిటో తెలియదు.

రేకు పనంతా డెంటింగు మేస్త్రీది. నట్టంటే అతనికి హడలు. పళ్ళ డాక్టరుగారు మనుషులకు డెంటింగు, నేను బళ్ళకు డెంటింగు, నట్టుగారు మా ఇద్దరికీ పోటు అని చాటుగా అంటాడు. మొత్తానికి పని పూర్తయింది. అడుగున దొరికిన లేత నీలాన్నే మళ్ళీ పైన వేశారు. డాక్టరుగారు సాయంత్రం వచ్చి తీసుకువెళ్తానన్నారు.

ఆ పొద్దున నట్టు ఉండబట్టలేక అక్క ఇంటికి వెళ్ళాడు. మన బండి కాదక్కా, ముందే చెబుతున్నాను, కానీ అచ్చం మన బండిలా ఉంది, ఊరికే చూద్దువుగాని రా అన్నాడు. ఆమె వద్దంది. అతను గుమ్మంలోనే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. కళ్ళు తిరుగుతున్నాయిరా, ఆగు, వస్తాను అని చెప్పులేసుకుంది.

షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎండ లోపలిదాకా పడి, బండి లేత నీలంగా మెరుస్తోంది. ఆమె ఈసారి ఆగి చూడలేదు. ఏదో ధ్యాసలో నడుచుకుంటూ ఎడమ పక్కకు వెళ్ళి, పమిట సర్దుకుని, తలుపు పిడి పట్టుకుంది. బొటనవేలితో గట్టిగా నొక్కింది. అక్కడ నొక్కడానికి ఏమీ లేదు. వట్టి నున్నటి లోహం. అయినా మళ్ళీ నొక్కింది.

"అది లాగాలక్కా. ఈ ఏటి బళ్ళకు బొత్తాం ఉండదు" అన్నాడు నట్టు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మొహం మామూలుగా అయిపోయింది.

"అవును, లేదు. మన బండి కాదులే. మన బండికి ఇటువైపు బొత్తాం ఉండేది."

నట్టు కదలకుండా నిలబడ్డాడు. అతన్ని అలా చూడటం ఆమెకు అలవాటు లేదు. మనిషికి ఏమైనా అయిందేమోనని భుజం పట్టుకుంది. బొత్తామేమిటక్కా, మన బండి రెండు తలుపులూ లాగేవే కదా అని అడిగాడు. ఆమె చాలాసేపు తప్పించుకోవాలని చూసింది. ఇన్నేళ్ళూ దాచిన మాట బొటనవేలు బయటపెట్టేసింది, ఇంక ఎక్కడ దాస్తుంది?

"నువ్వు హాస్టలుకు వెళ్ళేముందు బండిలో కూర్చుని ఆడుకున్నావు. హ్యాండు బ్రేకు వదిలేసి దిగావు. నీ బస్సు కదిలిందో లేదో, బండి దానంతటదే వాలులో జారి గేటు స్తంభానికి గుద్దుకుంది. ఎడమ తలుపు నుజ్జు నుజ్జయిపోయింది."

"బావ ఏమన్నాడు?"

"ముందు నన్ను తిట్టారు. తర్వాత కూర్చుని, వాడికి చెప్పకు అన్నారు. తెలిస్తే వాడు జన్మలో బండి ముట్టుకోడు, చచ్చినా చెప్పకు అని ఒట్టు వేయించుకున్నారు. నువ్వు సెలవులకు వచ్చేలోపు తలుపు పెట్టెయ్యాలని ఎక్కడెక్కడో తిరిగారు. ఆ ఏటిది దొరకలేదు. దొరికినదే బిగించి నీలం రంగు వేశారు. దాన్ని చూసినప్పుడల్లా మొహం చిట్లించుకునేవారురా, పంటి కింద రాయి పడ్డట్టు. జబ్బు పడ్డాక, ఖర్చులకు అమ్మేసేదాకా ఆస్పత్రికి ఆ బండిలోనే వెళ్ళేవాళ్ళం. ఆ బొత్తాం ఒక పట్టాన దిగేది కాదు, గట్టిగా నొక్కాలి."

అందుకే ఆమె ప్రతిసారీ ఎడమ పక్కకు వెళ్ళేది. బొత్తాం లేకపోతే మన బండి కాదు. నట్టు లెక్కలో బొత్తాం ఉంటే మన బండి కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు అక్కా తమ్ముడూ. అంతటితో ఆగినా బాగుండును. తమ్ముడు ఆ పిల్లను చేతులారా దించి తుక్కులో పారేయించాడు. తనకోసం బావ తన మాట తానే తప్పి బిగించిన తలుపును, మూర్ఖుడు బిగించాడని నలుగురిలో నవ్వి మరీ ఊడబీకించాడు.

అక్కకు ఏమీ చెప్పకుండా నట్టు షెడ్డు వెనక్కి పరిగెత్తాడు. తుక్కు గుట్ట మీదికి ఎక్కి రెండు చేతులతో లాగడం మొదలుపెట్టాడు. బంపర్లు, చిల్లు పడ్డ సైలెన్సర్లు, విరిగిన సీటు చట్రాలు. తలుపు లేదు. అరచెయ్యి కోసుకుని రక్తం కారింది. చప్పుడు విని డెంటింగు మేస్త్రీ వచ్చాడు. ఆ ఎడమ తలుపేది, బొత్తాం ఉన్నది అని నట్టు అడిగాడు. మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు.

"తిట్టనంటే చెబుతాను."

"చెప్పు."

"కోసేశాను. ఎడమ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట నేల తుప్పు తినేసింది గదా. కొత్త రేకు తెమ్మంటే మీరు ఏ ఏటిదని అడుగుతారు. ఆ తలుపు రేకు మంచి గట్టిది, పారెయ్యబుద్ధి కాలేదు. దాంతోనే అతుకు వేశాను. పైన రంగు పడిపోయింది, ఎవరికీ కనబడదు. కావాలంటే ఇప్పుడే కోసి తీసేస్తాను."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను" అన్నాడు నట్టు. మేస్త్రీకి ఇది తిట్టో మెచ్చుకోలో అర్థం కాలేదు.

నట్టు వెళ్ళి బండి కింద దూరాడు. వెల్లకిలా పడుకుని, ఎడమ వైపు నేల అడుగున చేత్తో తడిమాడు. నల్లటి పూత కింద అతుకు అంచు వేలికి తగిలింది. వెనక వైపు ట్యాంకూ పట్టీలూ, ఆ బోల్టులు. బావ పక్కన పడుకుని చూసింది ఇదే. చూసినవాడు ఇన్నాళ్ళూ దీని కిందే తిరుగుతూ గుర్తుపట్టలేదు. అతను ఏడ్చాడు. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు, కాళ్ళు తప్ప ఏమీ బయటికి కనబడటం లేదు కదా. అక్క ఆ కాళ్ళ దగ్గర నిలబడి, ఏమైందిరా అని అడుగుతూనే ఉంది. అతను చాలాసేపటిదాకా బయటికి రాలేదు. ఎన్నేళ్ళుగానో ఒకచోట నిలవని మనిషి ఆ నేల మీద అలాగే పడుకుని ఉన్నాడు.

బయటికి వచ్చాక అక్కకు అంతా చెప్పాడు. తను ఊడబీకించిన సంగతితో సహా చెప్పాడు. ఆమె ముందు నమ్మలేదు. తర్వాత బండిలో కూర్చుంది. చెప్పులు బయటే విడిచి, కార్పెట్టు పక్కకు లాగి, వట్టి పాదాలు ఆ రేకు మీద పెట్టింది. ఇచ్చే ముందు బండిని ఒక చుట్టు తిప్పి చూడటం షెడ్డు ఆనవాయితీ. ఆ చుట్టు నట్టే తిప్పాడు. ఊరి బయటిదాకా వెళ్ళారు. గాలికి ఆమె జుట్టు ముడి ఊడిపోయింది, మళ్ళీ వేసుకోలేదు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు మీ బావ మరీ ఇంత నెమ్మదిగా నడిపేవారు కాదు అంది ఒకసారి. ఇంకొంచెం నెమ్మదిగా నడిపాడు నట్టు. మలుపు వచ్చిన ప్రతిసారీ, ఇక్కడ వెనక్కి తిప్పాలి కదా అనుకుని, ఇంకో మలుపుదాకా పోనిచ్చాడు.

సాయంత్రం డాక్టరుగారు వచ్చారు. బండి చుట్టూ తిరిగి, దీపాలు చూసి, రెండు తలుపులూ లాగి తెరిచి, మురిసిపోయారు. పోటీవాళ్ళు వంక పెట్టడానికి ఏమైనా మిగిలిందా, అంతా ఆ ఏటిదేనా అని అడిగారు. మేస్త్రీ దూరంగా నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. ఆ ప్రశ్నకు నట్టు తన ఉద్యోగంలో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"ఒకటి మాత్రం కాదండీ. ఎడమ వైపు కాళ్ళ కింద రేకు ముక్క తర్వాతి ఏటిది."

డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. మీ కళ్ళ ముందే ఎలా పడిందండీ, మరి మార్చెయ్యలేకపోయారా, కావాలంటే ఇంకో వారం ఆగుతాను అన్నారు.

"మార్చనండీ. మీరు ఇంకెవరి చేతా మార్పించకండి" అన్నాడు నట్టు. "అది మా బావ వేసింది."